టికెట్లు సగం పడుతున్నాయి, సగం మాయం: పర్ల్ స్క్రిప్టులో ఏటైందో తెలీట్లేదు

గంటస్తంభం99 — బుధవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. నేను విజయనగరంలో ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. నెల్లిమర్ల, గజపతినగరం, చీపురుపల్లి, ఇటు బొబ్బిలి దాకా కనెక్షన్లున్నాయి. నెట్ రాకపోతే కస్టమరు మా వెబ్‌సైటులో ఫారం నింపుతాడు. ఆ ఫారం సర్వర్లో ఒక ఫోల్డరులో ఫిర్యాదుకి ఒకటి చొప్పున టెక్స్ట్ ఫైలు పడేస్తుంది. మొదటి లైను ఊరు, రెండో లైను కస్టమరు నంబరు, మూడో లైను నుంచి ఫిర్యాదు. 10 నిమిషాలకోసారి క్రాన్ (సమయానికి పనులు నడిపే ప్రోగ్రాము) పర్ల్ భాషలో రాసిన ఒక స్క్రిప్టుని లేపుతుంది. అది ఆ ఫైళ్ళు చదివి, ఫిర్యాదులు నమోదు చేసే రిక్వెస్ట్ ట్రాకర్ (ఆర్‌టీ) సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో టికెట్ తెరిచి, పని అయిన ఫైలుని తుడిచేస్తుంది.

ఈ స్క్రిప్టు రాసింది నేను కాదు. 2014లో హుద్‌హుద్ తుపానుకి స్తంభాలన్నీ పడిపోయి ఫోన్లు ఆగకుండా మోగుతుంటే అప్పుడున్న అన్న ఎవరో రెండు రాత్రులు కూర్చుని రాశాడంట. ఆయన ఇప్పుడు కెనడాలో ఉన్నాడు, మెసేజి పెడితే చూస్తాడు గాని బదులివ్వడు.

క్రితం వారం సిరిమానోత్సవం మంగళవారం ఆఫీసుకి సెలవు కదా, ఆ రోజే సర్వరు మార్చాం. పాతది ఆర్‌టీ 4.4, కొత్తది ఆర్‌టీ 5. ఆ మర్నాటి నుంచి గొడవ. లాగ్‌లో 31 ఫిర్యాదులు "సక్సెస్" అని ఉన్నాయి. టికెట్లు చూస్తే 19. మిగతా 12 ఎక్కడికెళ్ళాయో దేవుడికెరుక. ఫైళ్ళు కూడా లేవు, స్క్రిప్టు తుడిచేసింది. చేత్తో నడిపినా అంతే, క్రాన్‌లో నడిపినా అంతే. కౌంటరు దగ్గరికి జనం వచ్చి "ఆన్‌లైన్లో పెట్టాం కదండీ" అని తిడుతున్నారు. మా ఓనరు గారు నన్ను చూసే చూపు మారిపోయింది. సాయం చేయండి.

పలాస_జీడి — బుధవారం రాత్రి 10:20

ఏటి బాబూ, ఇంకా పర్లేనా? పైథాన్‌లో 40 లైన్లలో అయిపోద్ది. తీసి పారెయ్.

చంపావతి_గట్టు — బుధవారం రాత్రి 10:31

జీడి గారూ, ఇల్లు కారుతుంటే పెంకు మార్చమంటారా, కొత్త ఊరు చూసుకోమంటారా? పైగా మీరు తిడుతున్న పర్ల్‌లోనే ఆ ఆర్‌టీ మొత్తం రాశారు. జెస్సీ విన్సెంట్ 1996లో మొదలెట్టిన సాఫ్ట్‌వేర్ అది.

తమ్ముడూ, మూడు విషయాలు చెప్పు. ఒకటి, కొత్త సర్వరు ఆర్‌టీ లాగ్‌లో ఆ 12 సమయాల్లో ఏమైనా ఉందా? రెండు, ఆర్‌టీతో మాట్లాడటానికి స్క్రిప్టు రెస్ట్ 1.0 వాడుతోందా, 2.0నా? మూడు, పోయిన 12 ఒకేసారి పోయాయా, మధ్యమధ్యలో పోయాయా?

జనపనార — బుధవారం రాత్రి 10:44

సర్వరు మార్చారంటే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికేటే (సర్వరు అసలుదేనని చూపే పత్రం) అయుంటుంది. వెబ్‌కి రిక్వెస్టులు పంపే పర్ల్ మాడ్యూలు ఎల్‌డబ్ల్యూపీలో హోస్ట్‌నేమ్ వెరిఫై సున్నా పెట్టెయ్. నేను ఎప్పుడూ అదే చేస్తా, చక్కగా నడుస్తాయి.

వంశధార_మాస్టారు — బుధవారం రాత్రి 11:05

జనపనార గారూ, కుర్రాళ్ళకి ఆ అలవాటు నేర్పకండి. ఆ స్క్రిప్టులో ఆర్‌టీ యూజర్, పాస్‌వర్డ్ ఉంటాయి. వెరిఫై తీసేస్తే దారిలో ఎవడు కూర్చున్నా వాటిని అప్పగించినట్టే.

పైగా ఇది సర్టిఫికేటు జబ్బు కానే కాదు. దాని లక్షణం వేరు. 2021 సెప్టెంబరు 30న సర్టిఫికేట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఆధారపడ్డ పాత రూటు సర్టిఫికేటు గడువు తీరింది. పాత సెంటోస్ 7 డబ్బాల మీద నా స్క్రిప్టులు ఆ రోజు అన్నీ ఒక్కసారే పడుకున్నాయి. సర్టిఫికేటు తేడా వస్తే ఒక్కటి కూడా వెళ్ళదు. సగం వెళ్ళి సగం ఆగడం ఉండదు. ఇంకో గుర్తు కూడా ఉంది. కనెక్షనే కుదరనప్పుడు ఎల్‌డబ్ల్యూపీ తనంతట తనే 500 (సర్వరు లోపం కోడు) అని జవాబు తయారు చేసి ఇస్తుంది. అది సర్వరు చెప్పిన 500 కాదు. హెడర్లలో "క్లయింట్-వార్నింగ్: ఇంటర్నల్ రెస్పాన్స్" అని ఉంటే ఆ 500 మన ఇంట్లో పుట్టిందే. ఇది తెలీక నేను ఒకసారి మూడు రోజులు సర్వరు వాళ్ళతో పోట్లాడాను.

19 వెళ్ళాయి అంటే నెట్‌వర్కు బాగుంది, పాస్‌వర్డు బాగుంది, క్యూ (టికెట్లు చేరే వరస) పేరు బాగుంది. బాబూ గంటస్తంభం, ఒక్కటి చెప్పు. ఫైలు తుడిచే ముందు "పని అయింది" అని నీ స్క్రిప్టు దేన్ని చూసి అనుకుంటోంది? ఆ నాలుగు లైన్లు పెట్టు.

గంటస్తంభం99 — బుధవారం రాత్రి 11:19

మాస్టారూ, చంపావతి అన్నా, థాంక్స్. రెస్ట్ 1.0 అన్నా. పోయినవి మధ్యమధ్యలోవే, వరసగా కాదు. సర్వరు లాగ్‌లో ఎర్రర్లేవీ కనపడలేదు. ఇదిగోండి లాగ్ ముక్క, స్క్రిప్టు ముక్క.

[ఇక్కడి కోడ్ ముక్కని నిర్వాహకుడు తొలగించాడు]

నిర్వాహకుడు — బుధవారం రాత్రి 11:24

గంటస్తంభం99, మీరు పెట్టిన యూఆర్‌ఎల్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డు రెండూ కనపడుతున్నాయి. తీసేశాను. అయినా 5 నిమిషాలు బయట ఉంది కాబట్టి వెంటనే మార్చేయండి.

గంటస్తంభం99 — బుధవారం రాత్రి 11:40

అయ్యబాబోయ్. మార్చేశాను. థాంక్స్ అండి.

కోడ్ మాటల్లో చెప్తాను. కంటెంట్ అనే ఫారం ఫీల్డులో ఐడీ, క్యూ, సబ్జెక్టు, టెక్స్ట్ లైన్లు పేర్చి పోస్ట్ చేస్తుంది. వచ్చిన జవాబు మీద "ఈజ్ సక్సెస్" అని అడుగుతుంది. అవునంటే లాగ్‌లో సక్సెస్ రాసి, ఫైలు తుడిచేస్తుంది. కాదంటే డై. అంతే.

వంశధార_మాస్టారు — బుధవారం రాత్రి 11:58

అదీ సంగతి. దొంగ దొరికాడు, దొంగతనం ఎందుకు చేశాడో ఇంకా తేలాలి.

ఆర్‌టీ రెస్ట్ 1.0కి ఒక పాత అలవాటుంది. నువ్వు ఏం పంపినా హెచ్‌టీటీపీ వరకు 200, అంటే సరే, అనే అంటుంది. అసలు జవాబు ఒంట్లో (బాడీలో) ఉంటుంది. ఒంటి మొదటి లైనులో "ఆర్‌టీ/వెర్షన్", దాని పక్కన అసలు కోడు. లోపల 401, 409 లాంటి లోపం కోడ్లు ఉన్నా కవరు మీద మాత్రం 200. "ఈజ్ సక్సెస్" చూసేది కవరునే. పోస్టుమాన్ సంతకం తీసుకుని వెళ్ళిపోయాడు కాబట్టి ఉత్తరంలో మంచి కబురే ఉందని మీ స్క్రిప్టు పదేళ్ళుగా నమ్ముతోంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఇది. ముందు ఆ ఫైలు తుడిచే లైనుకి కామెంట్ పెట్టు, ఈ రాత్రే. పని అయిన ఫైలుని పక్క ఫోల్డరులోకి జరుపు, తుడవకు. తరవాత జవాబు ఒళ్ళంతా లాగ్‌లో పడేలా చెయ్. రేపు ఒక ఫిర్యాదు పోయినప్పుడు ఆ ఒంట్లో ఏముందో ఇక్కడ రాయి. ఈసారి పాస్‌వర్డు లేకుండా.

గంటస్తంభం99 — గురువారం ఉదయం 11:07

మాస్టారూ!! దొరికింది. పొద్దున్న నుంచి 4 ఫిర్యాదులు వచ్చాయి, 2 టికెట్లయ్యాయి. అయినవాటికి జవాబు "200 ఓకే", కింద "టికెట్ ఇంత క్రియేటెడ్" అని ఉంది. పోయినవాటికి మొదటి లైను ఇది: ఆర్‌టీ/5.0.5 409 సింటాక్స్ ఎర్రర్. దాని కింద నేను పంపిందంతా తిరిగొచ్చింది. ఒక లైను ముందు రెండు బాణం గుర్తులున్నాయి.

సింటాక్స్ ఎర్రర్ ఏటి మాస్టారూ? అదే స్క్రిప్టు రెండిటికీ ఒకేలా పంపుతోంది కదా? ఆర్‌టీ 5లో ఏమైనా మార్చారా? పాత సర్వరుకి తిరిగి వెళ్ళిపోమంటున్నారు మా ఓనరు గారు.

బొబ్బిలి_వీణ — గురువారం మధ్యాహ్నం 1:15

తిరిగి వెళ్ళకు, ఆగు. మాది బొబ్బిలే, ఇప్పుడు బెంగళూరులో ఆర్‌టీ మీదే పని. వెళ్ళిన ఫిర్యాదు ఒకటి, పోయినది ఒకటి, పేర్లూ నంబర్లూ తీసేసి, లైన్లు ఎలా ఉన్నాయో అలాగే ఇక్కడ పెట్టు. బాణాలు ఏ లైను ముందున్నాయో అది కూడా.

గంటస్తంభం99 — గురువారం మధ్యాహ్నం 1:32

వెళ్ళినది:

నెట్ రావట్లేదు బేగి మనిషిని పంపండి

పోయినది:

రెండు రోజుల్నుంచి నెట్ లేదు
డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోంది
ఇల్లు: రామాలయం ఎదురుసందు, మూడో ఇల్లు
సాయంత్రం 5 తరవాత రండి, పొలం వెళ్తాం

బాణాలు రెండో లైను ముందు మాత్రమే ఉన్నాయి అక్కా. మొదటి లైనుకి లేవు.

అక్కా, ఇప్పుడు చూస్తుంటే ఒకటి అనిపిస్తోంది. కౌంటరుకొచ్చి తిట్టినవాళ్ళంతా అడ్రసు వివరంగా రాసే మనుషులే. ఒక్క ముక్కలో తిట్టి వదిలేసినవాళ్ళ టికెట్లు మాత్రం చక్కగా పడ్డాయి.

బొబ్బిలి_వీణ — గురువారం మధ్యాహ్నం 1:50

నీ రోగం పేరు "కొత్త లైను".

రెస్ట్ 1.0కి జేసన్ అనే డేటా రాసే పద్ధతి తెలీదు. దానికి తెలిసింది "పేరు, కోలన్, విలువ" అనే లైన్లు. విలువ ఒక లైను దాటితే తరవాతి లైను మొదట్లో ఒక ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంటే "ఇది పై లైనుకి కొనసాగింపు" అనుకుంటుంది. ఖాళీ లేకపోతే కొత్త ఫీల్డు మొదలైందని అనుకుని పేరు వెతుక్కుంటుంది. "డబ్బా మీద ఎర్ర లైటు" అనే ఫీల్డు దానికి తెలీదు కదా, అందుకే సింటాక్స్ ఎర్రర్. ఒక్క లైను ఫిర్యాదుకి ఈ బాధ లేదు.

కాబట్టి ఫిర్యాదు టెక్స్ట్‌ని అతికించే ముందు, ప్రతి కొత్త లైను గుర్తు తరవాత ఒక ఖాళీ చేర్చు. సబ్‌స్టిట్యూట్ ఒక్కటి చాలు, చివర జీ (అన్ని చోట్లా మార్చమనే గుర్తు) మర్చిపోకు. వెబ్ ఫారం నుంచి వచ్చే లైన్లకి కొత్త లైను గుర్తు ముందు క్యారేజ్ రిటర్న్ కూడా ఉంటుంది, దాన్ని కూడా అదే దెబ్బలో తీసెయ్.

ఇంకో మాట, నవ్వుకోడానికి. ఇలా వదిలేస్తే ఎవరైనా తుంటరి కస్టమరు రెండో లైనులో ఇంగ్లీషులో "స్టేటస్: రిజాల్వ్‌డ్" అని రాశాడనుకో. ఆ లైను నిజంగానే ఫీల్డు అయిపోతుంది. నీ టికెట్ పుట్టడమే మూసుకుని పుడుతుంది. అందుకే ఇది ఒట్టి అందానికి చేసే మార్పు కాదు.

గంటస్తంభం99 — గురువారం మధ్యాహ్నం 2:26

అక్కా, నీ కాళ్ళకి దండం. ఆ ఒక్క లైను పెట్టాను. పొద్దున్న పోయిన రెండు ఫైళ్ళూ పక్క ఫోల్డరులో ఉన్నాయి కదా, మళ్ళీ వేశాను. రెండూ పడ్డాయి!

కాని నాకొకటి అర్థం కావట్లేదు. పదేళ్ళ నుంచి ఇదే స్క్రిప్టు, ఆర్‌టీ 4 కూడా ఇదే రెస్ట్ 1.0. అప్పుడు ఎలగ వెళ్ళాయి?

చంపావతి_గట్టు — గురువారం మధ్యాహ్నం 2:41

ఫారం ఎవరైనా ముట్టుకున్నారా? అడిగి చూడు.

గంటస్తంభం99 — గురువారం సాయంత్రం 4:03

అన్నా, నువ్వు జాతకాలు చెప్తావా ఏటి? వెబ్‌సైటు చూసే అబ్బాయి వేరే ఉన్నాడు, మూడు లాంతర్ల దగ్గర షాపు. అడిగితే "అవున్రా, పండగ ముందు సోమవారం మార్చాను, ఫిర్యాదు పెట్టె మరీ ఇరుగ్గా ఉందని ఓనరు గారే అన్నారు, పెద్దది చేశాను" అన్నాడు. అంతకుముందు ఒక్క లైను పెట్టె, ఎంటర్ కొడితే ఫారం వెళ్ళిపోయేది. ఇప్పుడు పెద్ద పెట్టె, ఎంటర్ కొడితే కొత్త లైను. సోమవారం అది మారింది, మంగళవారం సర్వరు మార్చాం. నేను వారం రోజులు సర్వర్నే అనుమానించాను.

ఓనరు గారికి చెప్పాను. "పెట్టె పెద్దది చేస్తే ఫిర్యాదులు పోతాయా?" అన్నారు. ఏం చెప్పాలో తెలీలేదు.

వంశధార_మాస్టారు — గురువారం సాయంత్రం 6:30

ఒకేసారి రెండు మార్పులు జరిగినప్పుడు మన కన్ను పెద్ద దాని మీదకే పోతుంది. నాకూ అంతే, నీ మొదటి పోస్టు చదివినప్పుడు ఆర్‌టీ 5నే అనుమానించాను.

ఇంక "ఈజ్ సక్సెస్" సంగతి వదిలెయ్యకు. ఖాళీ చేర్చినంత మాత్రాన సరిపోదు. ఒంటి మొదటి లైనులో 200 ఉందా, ఆపైన "టికెట్" అన్న మాట పక్కన అంకె, ఆ పక్కన "క్రియేటెడ్" ఉన్నాయా చూడాలి. లోపల 200 ఇచ్చి కూడా "కుడ్ నాట్ క్రియేట్ టికెట్" అనే సందర్భాలున్నాయి, యూజరుకి ఆ క్యూ మీద హక్కు లేనప్పుడు అలా వస్తుంది. టికెట్ నంబరు చేతికి వస్తేనే ఫైలు జరపాలి. ఆ నంబరు లాగ్‌లో రాయాలి. "సక్సెస్" అనే మాట లాగ్‌లో ఎందుకూ పనికిరాదు.

పోయిన ఆ 12 ఎక్కడైనా మిగిలాయా?

గంటస్తంభం99 — గురువారం రాత్రి 9:15

మిగిలాయి మాస్టారూ. మాకు అదృష్టం ఉంది. ఫారం ప్రతి ఫిర్యాదు కాపీని ఓనరు గారి మెయిలుకి కూడా పంపుతుందంట, ఆ సంగతి ఆయనకే తెలీదు. ఆయన ఫోన్ తీసుకుని చూస్తే చదవని మెయిళ్ళు 4 వేల పైచిలుకు. అందులో వెతికి 31 తీశాం, 19 కొట్టేశాం, 12 చేత్తో ఫైళ్ళు చేసి ఫోల్డరులో వేశాను. అన్నీ టికెట్లయ్యాయి. సబ్జెక్టు ముందు "ఆలస్యం" అని పెట్టాను.

పలాస_జీడి — గురువారం రాత్రి 9:40

సర్లే, ఒప్పుకుంటున్నా. పైథాన్‌లో రాసినా ఆ ఖాళీ పెట్టకపోతే ఇదే గతి. కాని రెస్ట్ 2.0కి మారిపోవచ్చు కదా? జేసన్ కాబట్టి ఈ కొత్త లైన్ల తలనొప్పి ఉండదు, హెచ్‌టీటీపీ కోడు కూడా నిజం చెప్తుంది.

బొబ్బిలి_వీణ — గురువారం రాత్రి 10:02

జీడి మాట ఈసారి నిజం. ఆర్‌టీ 5 నుంచి రెస్ట్ 2.0 లోపలే వస్తుంది, విడిగా ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. టోకెన్ (పాస్‌వర్డుకి బదులు వాడే రహస్య కోడు) కూడా లోపలే, కాబట్టి పాస్‌వర్డు యూఆర్‌ఎల్‌లో తిప్పే పని తప్పుతుంది. కాని తమ్ముడూ, ఇప్పుడే కాలు నిలదొక్కుకున్నావు. ఈ వారం అలాగే నడపనియ్యి.

గంటస్తంభం99 — శనివారం సాయంత్రం 5:48

నువ్వు వద్దన్నావు గాని మార్చేశాను అక్కా :) ఆదివారం ఖాళీ కదా అని. టోకెన్ తీసుకున్నాను, ఆథరైజేషన్ హెడర్లో పెట్టాను. 401 (గుర్తింపు కుదరలేదు) వచ్చింది. టోకెన్ పదిసార్లు సరిచూశాను.

చంపావతి_గట్టు — శనివారం సాయంత్రం 6:05

ఆర్‌టీని అపాచీ వెబ్ సర్వరు వెనక ఎఫ్‌సీజీఐడీ మాడ్యూలుతో నడుపుతున్నారా? అయితే ఆథరైజేషన్ హెడర్‌ని అపాచీ గుమ్మం దగ్గరే తీసేసుకుంటుంది, ఆర్‌టీ దాకా పోనివ్వదు. ఎఫ్‌సీజీఐడీ పాస్‌హెడర్ అనే సెట్టింగులో ఆథరైజేషన్ పేరు రాసి అపాచీ రీస్టార్ట్ చెయ్.

గంటస్తంభం99 — శనివారం సాయంత్రం 6:31

అయింది అన్నా. టికెట్ పడింది. కాని తెలుగు పాడైపోయింది! "విజయనగరం" ఉండాల్సిన చోట గీతల ఏ-లు, డిగ్రీ గుర్తులు, ఇంకేవో పెట్టెలు. రెస్ట్ 1.0లో తెలుగు ముత్యాల్లా పడేది. ఇప్పుడేటి?

జనపనార — శనివారం సాయంత్రం 6:50

స్క్రిప్టు పైన "యూజ్ యూటీఎఫ్8" పెట్టు తమ్ముడూ.

గంటస్తంభం99 — శనివారం రాత్రి 7:12

పెట్టాను అన్నా. ఇప్పుడు ఇంకా వింతగా ఉంది. సబ్జెక్టులో "ఫిర్యాదు:" అన్న ముక్క చక్కగా తెలుగులో వచ్చింది. దాని పక్కన ఊరి పేరు మాత్రం మళ్ళీ ఆ గీతల ఏ-లే. ఒకే లైనులో సగం మంచి, సగం చెడ్డ. దెయ్యం పట్టిందా ఏటి?

వంశధార_మాస్టారు — శనివారం రాత్రి 8:20

దెయ్యం కాదు నాయనా, అది చక్కటి ఆధారం. ఆ సగం-సగం చూస్తే నాకు కథంతా తెలిసిపోయింది. కొంచెం ఓపిగ్గా చదువు. ఈ ఒక్క విషయం అర్థమైతే పర్ల్‌లో తెలుగు నిన్ను ఇంకెప్పుడూ ఏడిపించదు.

"విజయనగరం" అనే మాట తీసుకో. కంటికి ఆరు అక్షరాలు: వి, జ, య, న, గ, రం. యూనికోడ్ లెక్కలో ఎనిమిది, ఎందుకంటే గుడి విడిగా ఒకటి, సున్న విడిగా ఒకటి. యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి)గా డిస్కులో పడినప్పుడు తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే మొత్తం 24. ఇప్పుడు స్క్రిప్టులో మూడు చోట్ల ఊరి పేరు మీద లెంగ్త్ అచ్చు వేయి. ఫైలు చదవగానే ఒకసారి. జేసన్ చేసే ముందు ఒకసారి. సర్వరుకి పోయే జేసన్‌లో ఆ ఊరి పేరు ముక్క మీద ఒకసారి. మొదటి రెండు చోట్ల 8, చివర 24 వస్తే ఆరోగ్యం. మొదట్లోనే 24 వస్తే అవి అక్షరాలు కావు, ఒట్టి బైట్లు. చివర 48 వస్తే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది.

నీకు 24, 24, 48 వస్తాయని పందెం.

ఎందుకో చెప్తా. మీ కెనడా అన్న ఫైలుని ఏ లేయరూ (బైట్లని అక్షరాలుగా మార్చే పొర) లేకుండా తెరిచాడు. పర్ల్ బైట్లు చదివింది, బైట్లుగానే మోసింది, బైట్లుగానే రెస్ట్ 1.0కి పంపింది. మధ్యలో ఎవరూ మూట విప్పలేదు కాబట్టి లోపల సరుకు పాడవలేదు. ఇప్పుడు నువ్వు తెచ్చిన ఎన్‌కోడ్ జేసన్ అనే ఫంక్షను తనకి అక్షరాలు ఇస్తున్నారని అనుకుంటుంది. అక్షరాలని తనే యూటీఎఫ్-8 బైట్లుగా మారుస్తుంది. నువ్వు ఇచ్చింది ముందే మారిన 24 బైట్లు. అది ఒక్కో బైటునీ ఒక్కో యూరోపు అక్షరం అనుకుని మళ్ళీ మార్చింది. మన అక్షరాల మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, అది యూరోపు లెక్కలో గీత పెట్టిన ఏ. అందుకే ప్రతి అక్షరానికీ ఒక ఏ కనపడుతోంది.

మరి "ఫిర్యాదు:" ఎందుకు బాగుపడింది? "యూజ్ యూటీఎఫ్8" అనేది స్క్రిప్టు ఫైలు లోపల నువ్వు టైపు చేసిన తెలుగుకి మాత్రమే. బయటి ఫైళ్ళతో దానికి సంబంధం లేదు. "ఫిర్యాదు:" స్క్రిప్టులో రాసిన మాట, అది అక్షరాలైంది. ఊరి పేరు బయట నుంచి వచ్చింది, అది బైట్లుగానే ఉంది. రెండిటినీ చుక్కతో కలిపావు, బియ్యంలో వడ్లు కలిసినట్టు కలిసిపోయాయి.

మందు: ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 లేయరు పెట్టు. "యూజ్ యూటీఎఫ్8" ఉంచు. ఎన్‌కోడ్ జేసన్ తన పని తనే చేసుకుంటుంది, దాని ముందు గాని వెనక గాని నువ్వు ఇంకో ఎన్‌కోడ్ పెట్టకు. లాగ్ ఫైలుకి కూడా అదే లేయరు పెట్టు, లేకపోతే "వైడ్ క్యారెక్టర్" అని సణుగుతుంది.

గంటస్తంభం99 — శనివారం రాత్రి 9:04

24, 24, 48. మాస్టారూ, పందెం మీదే. లేయరు పెట్టాక 8, 8, 24. తెలుగు వచ్చేసింది!!

ఇంకో లాభం కూడా దొరికింది. సబ్జెక్టుని పాత స్క్రిప్టు 60 దగ్గర కత్తిరించేది. చాలా టికెట్లలో సబ్జెక్టు చివర నల్ల వజ్రంలో ప్రశ్నగుర్తు ఉండేది, అందరం అలవాటు పడిపోయాం. ఇప్పుడది పోయింది. 60 బైట్ల దగ్గర అక్షరం మధ్యలో కోసేసేదన్నమాట ఇన్నాళ్ళూ.

బొబ్బిలి_వీణ — శనివారం రాత్రి 9:30

నేను మా టీం కుర్రాళ్ళకి ఇదే చెప్పలేక నానా తంటాలు పడుతుంటా మాస్టారూ. 8, 24, 48 లెక్క ఎత్తుకుపోతున్నా.

తమ్ముడూ, పొద్దున్నే పెండింగు టికెట్లు లెక్కగట్టే స్క్రిప్టు ఏదైనా ఉంటే దాన్ని కూడా 2.0కి మార్చావా?

గంటస్తంభం99 — ఆదివారం ఉదయం 8:10

మార్చాను అక్కా. లైన్‌మెన్ల వాట్సాప్ గ్రూపుకి పొద్దున్నే జాబితా పోతుంది. ఈ రోజు సరిగ్గా 20 ఉన్నాయి. నిన్న 37. లైన్‌మెన్లంతా సంబరపడిపోయారు.

బొబ్బిలి_వీణ — ఆదివారం ఉదయం 8:25

సంబరం ఆపమను. రెస్ట్ 2.0 వెతుకులాట పేజీకి 20 మాత్రమే ఇస్తుంది. పర్ పేజ్ అని అడిగితే 100 దాకా ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. జవాబులో నెక్స్ట్ పేజ్ ఉన్నంతసేపూ లూపులో తెచ్చుకోవాలి. ఇంకోటి, అడగకపోతే ఐడీ, రకం, లింకు తప్ప ఏమీ ఇవ్వదు. సబ్జెక్టు, స్టేటస్ కావాలంటే ఫీల్డ్స్ అని పేర్లు రాసి అడగాలి.

గంటస్తంభం99 — ఆదివారం ఉదయం 9:02

41 అక్కా. గ్రూపులో నన్ను తిడుతున్నారు.

పలాస_జీడి — ఆదివారం ఉదయం 9:10

పర్ల్ నేర్చుకుందామని ఉంది. నవ్వకండి.

గంటస్తంభం99 — మంగళవారం రాత్రి 8:45

రెండు రోజుల్నుంచి ఒక్కటి కూడా పోలేదు. లాగ్‌లో ఎన్ని లైన్లో ఆర్‌టీలో అన్ని టికెట్లు. అందరికీ పేరు పేరునా థాంక్స్.

ఆలస్యమైన 12లో 11 మూసేశాం. ఒకటి మిగిలింది. ఆ ఎర్ర లైటు ఆయనది కాదు, ఆయన ఇంటికి శుక్రవారమే వెళ్ళొచ్చారు. ఇది గజపతినగరం వైపు పల్లెలో ఒక పెద్దాయనది. లైన్‌మెన్ వెళ్తే ఇల్లు తాళం. నెట్ డబ్బా మా వైపు నుంచి చూస్తే నిన్నటి నుంచి ఆన్‌లో ఉన్నట్టే కనపడుతోంది, తనంతట తనే బాగుపడ్డట్టుంది. టికెట్ మూసెయ్యమంటారా?

వంశధార_మాస్టారు — మంగళవారం రాత్రి 9:00

ముందు ఆయనకి ఫోన్ చెయ్యి.